శాస్త్రపరిభాషయు, చదువరుల తారతమ్యమును

పరవస్తు చిన్నయసూరి తన తెలుగు వ్యాకరణమునకు బాలవ్యాకరణమని పేరు పెట్టెను. పేరు బాలురను ఉద్దేశించినదే గాని, అందలి సూత్రములను గురుముఖమున వినక, వ్యాఖ్యానముల ఆసరా లేక, తనంతట తానే గ్రహించిన బాలుడొకడు తెలుగునాట ఎన్నడైన ఉండెనని నేను వినియుండలేదు. ద్రుతము, కళ, పరుషము, సరళము, ఆమ్రేడితము మొదలగు సంజ్ఞలను నిర్వచించి, పిమ్మట ఆ సంజ్ఞలతోనే మిగిలిన శాస్త్రమునంతటిని అల్పాక్షరములలో ఇముడ్చుట ఆయన అవలంబించిన మార్గము. ఆ మార్గము ఆయన కల్పించినది కాదు. పాణినీయము నాటినుండి వచ్చుచున్నది. లోకవ్యవహారమున వృద్ధి యనగా పెరుగుదల. అష్టాధ్యాయి ప్రథమసూత్రమును చదివినవానికి మాత్రము అది ఆ, ఐ, ఔ అను మూడు స్వరములకు పేరు. లోకమున తిరుగాడు మాటనొకదానిని తీసికొని, దాని అర్థమునకు గట్టి హద్దులు గీచి, ఈ గ్రంథమున ఈ మాటకు ఇంతియే అర్థమని చదువరితో ముందుగా చేసికొను ఒడంబడికయే పరిభాష.

అయితే మన పూర్వులు సూత్రమొక్కటియే అందరికిని చాలునని తలపలేదు. సూత్రార్థమును విప్పుటకు వృత్తి, చెప్పినదానిని, చెప్పనిదానిని, పొరపాటుగా చెప్పినదానిని విచారించుటకు వార్తికము, ఆక్షేపసమాధానములతో తీరికగా చర్చించుటకు భాష్యము, పదపదమును విడమరచుటకు టీక, ఇట్లు ఒకే విషయమును చదువరి యోగ్యతనుబట్టి వేరువేరు నిడివులలో మరల మరల చెప్పుట మన శాస్త్రసంప్రదాయమున గౌరవప్రదమైన పనిగానే చెల్లినది. వ్యాకరణశాస్త్రమున సూత్ర, వార్తిక, భాష్యములు రచించిన మునులు మువ్వురిలో అభిప్రాయభేదము వచ్చినచో సూత్రకారుడైన పాణినికంటెను, కడపటివాడైన భాష్యకారుడు పతంజలి మాటయే ప్రమాణమని పండితులు నిర్ణయించుకొనిరనగా, వివరించువానికి ఆ కాలమున ఎంతటి పీట వేసిరో ఊహింపవచ్చును. నేటి పరిశోధకులలో అట్టి మన్నన కనబడదు. తోటి పండితులకొరకు వ్రాసిన వ్యాసము పరిశోధన; సామాన్యులకొరకు వ్రాసినది కాలక్షేపము. ఈ భేదబుద్ధి ఎక్కడిదో గాని, దానివలన నష్టపోవుచున్నది సామాన్యుడొక్కడే కాదు.

పరిభాషను నిందించుట నా ఉద్దేశము కాదు. పరిభాష పండితుల డంబమని తలచువారు ఒక్క భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకమును తెరచి చూతురుగాక. బలము, శక్తి, సామర్థ్యము అను మూడు మాటలు మన నోట ఒకదానికి బదులుగా మరియొకటి దొర్లుచుండును. వానికి బలమున్నదన్నను, శక్తియున్నదన్నను, సామర్థ్యమున్నదన్నను వినువానికి పెద్ద తేడా తోపదు. భౌతికశాస్త్రమున నిశ్చలముగా ఉన్న వస్తువును కదలించునది, కదలుచున్న దాని వేగమును మార్చునది బలము. పని చేయగల గుణము శక్తి. ఎంత కాలములో ఎంత పని జరిగినదో తెలుపునది సామర్థ్యము. మూడింటికిని కొలతలు వేరు. కరెంటు బిల్లులో యూనిట్లు శక్తికి సంబంధించినవి, బల్బుమీద అచ్చువేసిన వాట్లు సామర్థ్యమునకు సంబంధించినవి. ఈ భేదము చెరిగినచో శాస్త్రమే చెరిగిపోవును. నిజమునకు చదువరికి కొత్తగా వినబడు మాటవలన కలుగు చిక్కుకంటె, తనకు తెలిసినట్లే కనబడు మాటవలన కలుగు చిక్కు అధికము; ఏలయన, కొత్తమాట ఎదురైనపుడు మనుజుడు ఆగి అడుగును; పాతమాట ఎదురైనపుడు ఆగడు.

ఈ సంగతిని మైకేల్ ఫారడేవలె ఎరిగినవారు అరుదు. పుస్తకముల అట్టలు కట్టు దుకాణమున పని నేర్చి, పాఠశాలవిద్య అంతంతమాత్రముగా పొందిన ఆ మహనీయుడు, ద్రావణములగుండ విద్యుత్తును ప్రసరింపజేసి ప్రయోగములు చేయుచు, అప్పటి వాడుకలో ఉన్న ధ్రువము అను మాట తన పనికి అడ్డు వచ్చుచున్నదని గుర్తించెను. ధ్రువమన్నంతనే అయస్కాంతమువలె అది పదార్థమును తనవైపునకు లాగుచున్నదను ఊహ వినువాని మనస్సున కలుగును. ఫారడే ప్రయోగములు ఆ ఊహను సమర్థింపలేదు. అందువలన ఏ సిద్ధాంతమును ముందుగా ఒప్పుకొనని తటస్థమైన మాటలు ఆయనకు కావలసివచ్చినవి. కేంబ్రిడ్జిలో గ్రీకుభాషాకోవిదుడైన విలియం హ్యూవెల్‌కు జాబులు వ్రాసి, ఆయన సలహాతో 1834లో ఆనోడ్, కేథోడ్, అయాన్ అను పదములను ప్రచారమునకు తెచ్చెను. నేడు మన ఇంటర్మీడియట్ విద్యార్థులు కంఠస్థము చేయుచున్న ఈ పదములు ఆడంబరముకొరకు పుట్టినవి కావు. ఒక అబద్ధపు ఊహను తొలగించుటకు పుట్టినవి.

ఆ ఫారడేయే లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825నుండి జరుగుచు వచ్చిన క్రిస్మస్ ఉపన్యాసములలో బాలబాలికల ఎదుట నిలిచినపుడు వేరొక మనుష్యుడు. 1860 డిసెంబరునుండి 1861 జనవరివరకు ఆయన కొవ్వొత్తినిగూర్చి చెప్పిన ప్రసంగములు తరువాత పుస్తకరూపమున ప్రపంచమంతట చదువబడినవి. వానిలో ఆయన నిర్వచనములతో ప్రారంభింపలేదు. కరగిన మైనము వత్తివెంట పైకెట్లు ఎక్కుచున్నదో చూపెను. మంటపైన చల్లని పాత్రనుంచి దాని అడుగున నీటిబొట్లు పట్టుట చూపెను. మంటనుండి వెడలిన వాయువు సున్నపుతేటను తెల్లబరచుట చూపెను. మన ఊపిరియు ఆ తేటను అట్లే తెల్లబరచుట చూపెను. వస్తువు కంటికి కనబడి, దానికొక పేరు కావలెనను కోరిక బాలుని మనస్సున పుట్టిన పిమ్మటనే పేరు చెప్పెను. పండితునికి పేరు ముందు, బాలునికి వస్తువు ముందు. ఒకే చేతితో రెండు విధములుగా వ్రాయుట అసాధ్యమనువారికి ఫారడే జీవితమే సమాధానము.

తెలుగునను ఈ కృషి కొత్తది కాదు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ప్రోద్బలమున 1906లో వెలసిన విజ్ఞానచంద్రికామండలి చరిత్రములతోపాటు ప్రకృతిశాస్త్రగ్రంథములను గూడ తెలుగున వెలువరించెను. వసంతరావు వేంకటరావు భౌతికశాస్త్రవిషయములను సామాన్యులకు అందించుటయే వ్రతముగా పెట్టుకొనెను. పత్రికాసంపాదకుడైన నండూరి రామమోహనరావు విశ్వరూపమున ఖగోళమును, నరావతారమున జీవపరిణామమును కథవలె చెప్పెను. వీరెవ్వరును పరిభాషకు భయపడలేదు, పరిభాషవెనుక దాగికొనలేదు. సంస్కృతపదమా, ఇంగ్లీషుపదమా యని ఏండ్ల తరబడి జరిగిన వాదములలో కాలము పుచ్చిన వారికంటె, దొరికిన మాటతో విషయమును చెప్పుకొనిపోయిన ఇట్టివారివలననే మనకు మేలు కలిగినదని నా అభిప్రాయము. మాట ఏ భాషదన్నది రెండవ ప్రశ్న. ఆ మాటతోపాటు దాని నియమములు చదువరికి అందినవా యన్నది మొదటి ప్రశ్న.

ఈ నియమముల మాటయే నేను ముఖ్యముగా చెప్పదలచినది. శాస్త్రపదమును పండితగోష్ఠినుండి వీధిలోనికి తెచ్చునపుడు సామాన్యముగా దాని స్థూలార్థము చెడదు. దానిని అంటిపెట్టుకొని ఉన్న కొలతలు మొదట జారిపోవును. ఎంతమందిలో, ఎంతకాలములో, దేనితో పోల్చి, ఎంత నిశ్చయముగా అను నాలుగింటిని పరిశోధకుడు తన వ్యాసమున ఎంతో జాగ్రత్తతో పొందుపరచును. సులభముగా చెప్పవలెనను తొందరలో వివరించువాడు మొదట పారవేయునవి అవియే.

హిగ్స్ బోసాన్ వృత్తాంతమును చూడుడు. విశ్వములోని మౌలికకణములకు ద్రవ్యరాశి ఎట్లు కలుగుచున్నదను ప్రశ్నకు సమాధానముగా 1964లో సిద్ధాంతరీత్యా ప్రతిపాదింపబడిన ఈ కణమును వెదకుటకు గొప్ప యంత్రములు, వానికి గొప్ప ధనము అవసరమైనవి. 1993లో బ్రిటన్ విజ్ఞానవ్యవహారములు చూచుచున్న మంత్రి విలియం వాల్డ్‌గ్రేవ్, ఇది యేమి, దీనిని వెదకుట ఏల అను ప్రశ్నలకు ఒక్క కాగితమునకు మించకుండ సమాధానము వ్రాసి తనను మెప్పించినవారికి ఒక షాంపేన్ సీసా బహూకరింతునని ప్రకటించెను. బహుమానము పొందిన వారిలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన డేవిడ్ మిల్లర్ ఒకడు. ఆయన వ్రాసినది ఇది: రాజకీయపక్ష కార్యకర్తలతో నిండిన విందుశాలలోనికి మాజీ ప్రధానమంత్రి అడుగిడినంతనే దగ్గరివారు ఆమె చుట్టు మూగుదురు. ఆమె నడచుకొలది పాతవారు తొలగుచు కొత్తవారు చేరుచుందురు. అందువలన ఆమెను కదలించుట కష్టము, కదలిన తరువాత ఆపుట కష్టము. అనగా ఆమెకు ద్రవ్యరాశి అధికమైనట్లే. ఇక ఎవరును రాకయే, వచ్చుచున్నదను వదంతి మాత్రము శాలలో వ్యాపించినచో, చెవులు కొరుకుకొనుటకు జనము గుంపుగూడి, ఆ గుంపే ఒకవైపునుండి మరియొకవైపునకు సాగును. ఆ గుంపే హిగ్స్ కణము.

ఆ రచన మెచ్చదగినదే. చదువరి రాజకీయవేత్త యని వ్రాసినవాడు ఒక్కక్షణమైనను మరువలేదు. ఆయనకు ప్రతిదినము అనుభవములో ఉన్న సభావ్యవహారమునే ఎన్నుకొనెను. క్షేత్రమునకును కణమునకును గల సంబంధమును, నిపుణులు సైతము తడబడు చోట, రెండు వాక్యములలో చూపెను. అయినను గుంపులో నడచువాడు క్రమముగా అలసి నిలిచిపోవును. హిగ్స్ క్షేత్రములో సమవేగమున పోవు కణము అట్లు నిలిచిపోదు. క్షేత్రము దారికి అడ్డుపడు జిగురు కాదు. ఈ ఒక్క హెచ్చరిక లేనందున ఈ ఉపమానమును విన్న అనేకులు ద్రవ్యరాశి యనగా ఒకవిధమైన ఘర్షణ యనుకొనిరి. ఉపమానమును ప్రయోగించువాడు అది ఎక్కడివరకు పనికివచ్చునో, ఎక్కడ విడిచిపెట్టవలెనో గూడ చెప్పవలసియుండును.

తరువాతి ఘట్టము ఇంకను విలువైనది. 2012 జూలై 4వ తేదీన జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయమున అట్లాస్, సీఎంఎస్ అను రెండు బృందములు తమ ఫలితములను వెల్లడించినవి. ఆ సెప్టెంబరులో అచ్చయిన వ్యాసముల శీర్షికలలో ఒకటి హిగ్స్ బోసానుకొరకు వెదకుచుండగా ఒక నూతనకణము గమనింపబడినదనియు, రెండవది 125 జీఈవీ ద్రవ్యరాశివద్ద ఒక నూతన బోసాన్ గమనింపబడినదనియు మాత్రమే చెప్పినవి. హిగ్స్ కణము దొరికినదని ఏ శీర్షికయు అనలేదు. ఆ దినమున సెర్న్ అధిపతి రోల్ఫ్ హోయర్ సభలో మాటలాడుచు, సామాన్యునిగా చెప్పవలెనన్నచో అది మనకు దొరికినదనియే తాను భావించుచున్నట్లు పలికెను. ఆయన ఎంత మెలకువతో పలికెనో గమనింపుడు: తాను ఇపుడు ఏ భాషలో మాటలాడుచున్నాడో ముందే చెప్పి, పిమ్మట మాటలాడెను. మరికొంత సమాచారమును పరిశీలించిన తరువాత, 2013 మార్చిలో గాని, అది ఒక హిగ్స్ బోసానే యని సెర్న్ ప్రకటింపలేదు. ఆ జూలై సభకు మరునాటి వార్తాపత్రికలకు మాత్రము ఈ తారతమ్యములతో పని లేకపోయినది. లియాన్ లెడర్‌మన్ 1993లో తన పుస్తకమునకు పెట్టిన పేరునుబట్టి అది అప్పటికే దైవకణమై కూర్చున్నది. దైవమను మాట చేరిన పిమ్మట ఎంత నిశ్చయముగా అను ప్రశ్న ఎవరు వేయుదురు? బోసాన్ అను పేరులో మన సత్యేంద్రనాథ బోసు పేరున్నదన్న సంగతి, చెప్పదగినదై యుండియు, పలువురు చదువరులకు అందలేదు.

నూతనకణమును కనుగొంటిమని చెప్పుటకు ఆ శాస్త్రమున ఒక కట్టుబాటు కలదు. దానిని అయిదు సిగ్మాల ప్రమాణమందురు. అట్టి కణమే లేదనుకొన్నచో, కేవలము యాదృచ్ఛికముగా అంత స్పష్టమైన సంకేతము కనబడుటకు అవకాశము సుమారు 35 లక్షలలో ఒకటి యని దాని తాత్పర్యము. దీనిని పలువురు, కణము లేకపోవుటకు గల అవకాశము 35 లక్షలలో ఒకటి యని తిప్పి చెప్పిరి. రెండును ఒకటే గదా యని తోచును, కావు. తెలుగువాడు భారతీయుడగుటకు గల అవకాశము బహు అధికము, భారతీయుడు తెలుగువాడగుటకు గల అవకాశము కొద్ది. మాటలు అవే, వరుస మారినది, అర్థము తలక్రిందైనది. ఇట్టి తారుమారు వార్తాహరులేకాక గణితము తెలిసినవారును చేయుచుండుట చూడగా, ఆ వాక్యమును వ్రాయునపుడే అనుకొన్నచో అను షరతును తొలగింపరాని చోట నిలుపుట వ్రాయువాని బాధ్యతయని తోచుచున్నది.

కణముల సంగతి తెలియకున్నను మన జీవితము గడచును. మందుల సంగతి అట్లు కాదు. 2020 నవంబరులో ఫైజర్, బయోఎన్‌టెక్ సంస్థలు తమ కరోనా టీకా 95 శాతము ఫలప్రదమైనదని ప్రకటించినపుడు, ఆ వార్తను విన్న వేలకొలది గృహములలో, టీకా వేసికొన్న నూరుగురిలో అయిదుగురికి ఎట్లయినను వ్యాధి తప్పదను అర్థమే వ్యాపించినది. పరిశోధకులు చెప్పినది వేరు. సుమారు 18,000 మంది చొప్పున రెండు జట్లు. ఒక జట్టునకు టీకా, రెండవ జట్టునకు మందులేని సూది. రెండవ మోతాదు ముగిసి ఏడు దినములు గడచినది మొదలుకొని లెక్కించగా, రోగలక్షణములతో వ్యాధి సోకినవారు మొత్తము 170 మంది. అందు మందులేని సూది పొందినవారు 162 మంది, టీకా పొందినవారు 8 మంది. ఎనిమిదిని 162తో పోల్చగా వచ్చిన తగ్గుదల 95 శాతము. అనగా అది నూరుగురు మనుష్యులనుగూర్చిన లెక్క కాదు. ఒక జట్టును వేరొక జట్టుతో పోల్చిన లెక్క. టీకా పొందని జట్టులోనే ఆ కొద్దికాలమున వ్యాధి సోకినవారు నూటికొకరికంటె తక్కువ. వ్యాధి దాదాపు లేనిచోటను, ఇంటింట ఉన్నచోటను ఈ 95 శాతము ఫలితము వేరువేరుగా అనుభవమునకు వచ్చును.

ఇంత వివరము సామాన్యునికి ఎందుకని అడుగువారుందురు. నేను పైన చెప్పిన లెక్కలో ఆరవ తరగతి అంకగణితమునకు మించినది లేదు. శాతమును చెప్పి ఊరకుండుటకు బదులు 162, 8 అను రెండు అంకెలను ప్రక్కప్రక్కన ఉంచినచో, సంతలో బేరమాడు ఏ గృహిణియైనను దాని భావమును క్షణములో పట్టుకొనును. సులభముగా చెప్పుట యనగా తగ్గించి చెప్పుట యను భ్రాంతి తొలగినచో సగము పని అయినట్లే. పెక్కు సందర్భములలో సామాన్యునికొరకు వ్రాసినది పండితునికొరకు వ్రాసినదానికంటె దీర్ఘముగా ఉండవలసియుండును.

కొన్ని యెడల పరిభాషకు అక్షరములతోనే పని లేదు. పురుగుమందుల విషతీవ్రతను శాస్త్రజ్ఞులు ఎల్‌డీ 50 అను కొలతతో తెలుపుదురు. ప్రయోగమునకు తీసికొన్న జంతువులలో సగము మరణించుటకు శరీరపు బరువు కిలో ఒకటికి ఎన్ని మిల్లిగ్రాముల మందు చాలునో ఆ మోతాదని దాని అర్థము. అంకె చిన్నదైనకొలది విషము పెద్దది. ఈ విలోమమే తెలియనివానిని మోసగించును. గుంటూరు మిరపచేలలోను, వరంగల్లు ప్రత్తిచేలలోను మందు చల్లు కూలికి ఈ కొలతను బోధించుట అయ్యెడిపని కాదని ఎరిగియే, 1971నాటి కీటకనాశినుల నిబంధనలు డబ్బాపైన రంగు త్రికోణమును ఏర్పరచినవి. నోటిద్వారా లోనికి పోయినపుడు 50 మిల్లిగ్రాములలోపే చాలు మందునకు ఎరుపు, 51నుండి 500 వరకు పసుపు, 501నుండి 5,000 వరకు నీలము, అంతకు మించినదానికి ఆకుపచ్చ. విశ్వవిద్యాలయమునకు అంకె, పొలమునకు రంగు. బహు చక్కని ఆలోచన యని ఒప్పుకొనవలసినదే. కాని ఇచ్చటను కొలత జారిపోవు తావొకటి ఉన్నది. రహదారిమీద ఆకుపచ్చ దీపమునకు భయములేదు, పొమ్మని అర్థము. మందుడబ్బామీది ఆకుపచ్చకు స్వల్పవిషము, జాగ్రత్త యని మాత్రమే అర్థము. నిబంధనకర్తలు ఆ త్రికోణముపైన హెచ్చరికమాట ఒకటి ఉండవలెనని విధించినను, రంగు దూరమునుండియే పలుకును, మాట దగ్గరకు వచ్చినవానితో మాత్రమే మాటలాడును. మందు అమ్ము దుకాణదారుడు ఈ ఒక్క వాక్యమును నోట చెప్పినచో అచ్చు చేయలేని పని నోరు చేయును.

ప్రభుత్వములు నడపువారికి చెప్పునది మరియొక రీతి. వాతావరణమార్పులను పరిశీలించు అంతర్జాతీయ సంఘమైన ఐపీసీసీ తన నివేదికలలో వాడు సంభావ్యతావాచకములకు అంకెలను కట్టియుంచినది: జరుగవచ్చును అన్నచో 66 శాతము లేక అంతకు మించిన అవకాశము, చాలవరకు జరుగవచ్చును అన్నచో 90 శాతము లేక అధికము, దాదాపు నిశ్చయము అన్నచో 99 శాతము లేక అధికము. ఆ నివేదికలకు జతచేయు పాలకుల సంక్షిప్తమును సభ్యదేశముల ప్రతినిధులు వాక్యము తరువాత వాక్యముగా పరిశీలించి ఆమోదింతురు. ఇంత కట్టుదిట్టము చేసినను, ఆ పట్టికను చూడని చదువరి జరుగవచ్చునన్నమాటను తన ఇష్టము వచ్చినట్లు కొలుచుకొనును. అంకెను మాటప్రక్కననే, అదే వాక్యములో ఉంచుట మేలని నా మతము.

పరిశోధకుని రచనలలో మిక్కిలి బరువైనది, మిక్కిలి తక్కువ శ్రద్ధతో వ్రాయబడునది, పరిశోధనలో పాల్గొనువారికి ఇచ్చు సమాచారపత్రమును, సమ్మతిపత్రమును. దానిని ఏ పత్రికయు అచ్చువేయదు, ఏ పురస్కారమును దానికి రాదు. కాని దానిని చదువువాడు తన శరీరమునే పరిశోధనకు అప్పగించువాడు. ఈ విషయమున మన తెలుగునాటికి చేదు అనుభవమొకటి కలదు. 2009 జూలైలో నాటి ఆంధ్రప్రదేశమునందలి ఖమ్మము జిల్లాలో, అమెరికాకు చెందిన పాత్ అను సంస్థ, భారత వైద్యపరిశోధనమండలి, రాష్ట్ర ఆరోగ్యశాఖ కలిసి, గర్భాశయముఖ క్యాన్సరును నిరోధించుటకై పదినుండి పదునాలుగేండ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయు కార్యక్రమమును ప్రారంభించినవి. వారిలో గిరిజన బాలికలు, వసతిగృహములలో ఉండి చదువుకొనువారు అనేకులు. విమర్శలు చెలరేగగా 2010 ఏప్రిల్‌లో అది నిలిపివేయబడినది. తల్లిదండ్రులు చేయవలసిన సంతకములను వేలకొలది పత్రములపై వసతిగృహముల వార్డెన్లు చేసిరను సంగతి విచారణలలో బయటపడినది. ఆ టీకా నేడు పెక్కుదేశములలో వాడుకలో ఉన్నది. దాని గుణదోషములు ఇచ్చట నా విషయము కాదు.

నా విషయము ఒక మాట. నిర్వాహకులు ఆ కార్యక్రమమును డిమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు, అనగా చేసి చూపు పథకము, అనిరి. 2013 ఆగస్టులో నివేదిక సమర్పించిన పార్లమెంటు స్థాయీసంఘము అది నిజమునకు క్లినికల్ ట్రయలే, అనగా మనుష్యులపై చేయు మందుల పరీక్షయే, యని అభిప్రాయపడెను. పాత్ సంస్థ అందులకు సమ్మతింపలేదు. రెండు పేర్లకు నడుమనున్న దూరము నిఘంటువుకు సంబంధించినది కాదు. ట్రయల్ అన్నచో చట్టము ప్రవేశించును, వ్రాతపూర్వకమైన సమ్మతి, హాని కలిగినచో చికిత్స, పరిహారము అను బాధ్యతలు ప్రవేశించును. భద్రాచలపు అడవిపల్లెలలోని తల్లికి ఈ రెండు పేర్లలో ఏదియు తెలియదు; తెలియజెప్పవలసినవాడు వార్డెన్ సంతకముతో తృప్తిపడెను. పరిభాషను విప్పకుండుటవలన కలుగు నష్టము విద్యావిషయకమైనది మాత్రమే యనువారు ఈ కథను జ్ఞాపకముంచుకొందురుగాక.

ఆ తరువాత కొన్ని మంచి ఏర్పాట్లు జరుగకపోలేదు. బలహీనవర్గములవారిపై జరుగు కొత్తమందుల పరీక్షలలో, సమ్మతి తీసికొను తీరును దృశ్యశ్రవణరూపమున రికార్డు చేయవలెనను నియమము వచ్చినది. 2007లో ప్రారంభమైన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ప్రతి పరీక్షకును రెండు శీర్షికలు ఇయ్యవలెను, ప్రజలకొకటి, శాస్త్రజ్ఞులకొకటి. ఐరోపా సమాఖ్య 2014లో చేసి, 2022 జనవరి 31నుండి అమలుపరచిన నిబంధనప్రకారము, మందుల పరీక్ష ముగిసిన సంవత్సరములోగా దాని ఫలితములను సామాన్యులకు అర్థమగు భాషలో సంగ్రహించి ప్రకటింపవలెను. హైదరాబాదు, విశాఖపట్టణము, తిరుపతి నగరములలో జరుగుచున్న వైద్యపరిశోధనలలో పాల్గొను తెలుగువారు కొద్దిమంది కారు. వారికి తమ శరీరమిచ్చి సహకరించిన పరీక్ష ఏమి తేల్చినదో, నాలుగు పుటల తెలుగులో, అంకెలు జారిపోకుండ తెలియజేయుట ఆయా సంస్థలకు అసాధ్యమైన పని కాదు. చట్టము వచ్చువరకు ఆగనక్కరలేదు.

అంతవరకు చదువరులకు నా మనవి ఒకటి. మీ ఇంటివారికెవ్వరికైనను ఆసుపత్రిలో పరిశోధనకు సంబంధించిన పత్రము ముందుంచి సంతకమడిగినచో, ఇది చికిత్సయా, పరీక్షయా, దేనితో పోల్చుచున్నారు, ఎంతమందిలో ఎంతమందికి మేలైనది, ఎంతమందికి కీడైనది అని అడుగుడు. శాతములలో చెప్పినచో మనుష్యులలో చెప్పుమనుడు. ఆ పత్రము మీకు అర్థమగు భాషలో ఉండవలెననియు, సంతకమైన పిమ్మట దాని ప్రతి నొకదానిని మీకు ఇయ్యవలెననియు మన దేశపు నిబంధనలే చెప్పుచున్నవి.